ఐదుల జత

విన్నెముక్కాలో రాత్రి పదకొండు.
బారు వెనక గది. ఒకటే బల్ల, తొమ్మిది కుర్చీలు,
గోడకి ఎవరి తాతదో గొర్రెబొచ్చు కత్తెర.

గ్రాసియాన్ ఉగాల్డే పదిహేను డాలర్లు ముందుకు తోశాడు
ముందు కుర్చీలోంచి, ఎవరి మొహమూ చూడకుండా.
అంత ముందు కూర్చుని పెంచాడంటే
చేతిలో ఏదో ఉండే ఉండాలి.

చెయ్యి వణికింది.

పోయినేడు దాకా ఆ వణుకే మాకు పంచాంగం.
వణికితే రాజుల జత, కాకుంటే ఆసులు;
నోరెత్తకుండా పడేసేవాళ్లం.
వసంతంలో రెనో డాక్టరు దానికో పేరు పెట్టాడు.
ఇప్పుడు కాఫీ కప్పు పట్టుకున్నా వణుకుతుంది,
చిల్లర లెక్కపెట్టినా,
ఊరికే ఒళ్లో పెట్టుకు కూర్చున్నా.
ఇన్నేళ్లు కూడబలుక్కుని చదివిన పుస్తకం
అక్షరాలు అలికేసుకుంది.

మధ్యలోవాళ్లు పడేశారు.
"వెర్నా, నీ వంతు."

అంచు లేపి చూశాను:
ఇస్పేటు ఐదు, డైమను ఐదు.
నా తర్వాత ఇంకా నలుగురున్నారు పలకనివాళ్లు.
పక్కనే కోల్బీ, చిప్పుల్ని కిటకిటలాడిస్తూ,
ఎవరైనా మెత్తగా కనిపిస్తే మీదపడదామని.

మూడో ఐదు దిగాలి బల్లమీద.
ఎనిమిదిసార్లకి ఒకసారి దిగుతుంది,
అదీ ఖచ్చితంగా కాదు.

నాకీ లెక్క కొత్తేం కాదు.
గనిలో నేను తోలే బండి రెండు వందల టన్నుల రాయి మోస్తుంది.
అందులో బంగారం గుప్పెడు కూడా ఉండదు.
కొన్ని లోడ్లలో అసలుండదు,
అవీ అంతే బరువు.
అయినా తవ్వుతాం,
కింద ఎంతుందో అంచనా ఉంటే.
గ్రాసియాన్ ముందు ఇంకా నాలుగొందలున్నాయి.
పదిహేను తవ్వుడు కూలి.

"కాల్," అన్నాను.
గట్టిగా అనే మాట కాదది.
బడిలో పేరు పిలిస్తే
వెనక బెంచీలోంచి "ఉన్నానండీ" అన్నట్టు, అంతే.

కోల్బీ నన్ను చూశాడు, తన చిప్పులు చూశాడు,
సీలింగు ఫ్యాను చూశాడు.
ఆ మూడు చూపులంత సేపూ
నా పదిహేనూ నాది కాదు, వాడిది.
విసుగ్గా పడేశాడు.
మిగతావాళ్లూ అంతే.

రాణి. తొమ్మిది. రెండు.

గ్రాసియాన్ ముప్ఫై పెట్టాడు. చెయ్యి వణికింది.
రాణా? ఆసులా? లేక డాక్టరు పెట్టిన ఆ పేరా?
నా రెండు ఐదుల్నీ బోర్లా తోసేశాను.

"ఏముంది వెర్నా నీ దగ్గర?"
"రాయి," అన్నాను.

నవ్వాడు. రెండు చేతులతో డబ్బు దగ్గరికి లాక్కుంటుంటే
ఒక చిప్పు జారి, దొర్లి
నా బూటుకి తగిలి పడింది.
వంగి తీశాను. ఎర్రది, ఐదు డాలర్లది.
అరచేతిలో పెడితే నిలవలేదు,
అతని వేళ్లు నేనే మూశాను.

ఆ చలి నా వేళ్లకి అంటుకుంది.
ఐదున్నరకి షిఫ్టు.
ఇంకో రెండు చేతులాడి లేస్తాను.