జెనోవాలో, దిగుతూ

పటం మడిచి జేబులో పెట్టేశాను.
ఈ సందులు దానికీ కొత్తే.

చేతులు బారచాపితే
రెండిళ్ళ గోడలూ తగులుతున్నాయి.
ఆరంతస్తుల పైన బెత్తెడు ఆకాశం,
దానికి అడ్డంగా ఎవరిదో తడి దుప్పటి.
నెత్తిన చుక్క పడితే
వానేమో అనుకున్నాను.

సముద్రం ఎటని అడిగితే
తాళాలు బాగుచేసే ముసలాయన
తలెత్తకుండానే
సుత్తితో కిందికి చూపించాడు.
ఈ ఊరికి దిక్కులు రెండే కాబోలు,
ఎక్కడం, దిగడం.

దిగాను.
చేపల కొట్లో ఎర్సీలియా
రాళ్ళుప్పు చల్లుతూ వరసలు పేరుస్తోంది.
అరె, నెత్తళ్ళు!
పైకే అనేశాను.
ఆమె చెయ్యి ఆగింది.
"అచ్చూగె" అంది, తప్పు దిద్దుతున్నట్టు.
"నెత్తళ్ళు" అన్నాను, నేనూ తగ్గకుండా.
కాసేపు బేరంలాగే సాగింది.
ఆఖరికి ఒకదాన్ని తోక పట్టి లేపి,
వెలుగులో అటూ ఇటూ తిప్పి,
"నెత్తాలు" అంది,
పోనీలే అని అర యూరో వదులుకున్నట్టు.

పొట్లం చంకన పెట్టుకుని
రెండు మలుపుల్లోనే మళ్ళీ తప్పిపోయాను.
ఆ పూట సముద్రం కనిపించనేలేదు.
బసలో మూడుసార్లు చేతులు కడిగాను.
వేళ్ళకింకా
ఉంది.