సరిచూచుట

పొగాకు బ్యారను పొయ్యి కాడ
సువార్త లెక్కల పుస్తకం విప్పింది.
కొండపి నించి వచ్చే కరెంటు
ఎనిమిదింటికే పోయింది.
సరుగుడు మొద్దు ఒకటి ఎగదోశాను.
పేజీ మీదికి ఎర్రగా వెలుగొచ్చింది.

మూడొందల రెండులోంచి
నూట ఎనభై ఏడు తీసెయ్యాలంట.

"రెండులో ఏడు పోదమ్మా.
పక్కింటికి పోయి అప్పడగాలి."
పక్కింట్లో సున్నా.
సున్నా అంటే నాకు తెలుసు,
తలుపు తీసే ఉంటది, పొయ్యి రాజుకోదు.
"మరి అదేం చేసిద్ది?"
"అది పోయి వందలింట్లో అడుగుద్ది.
పది తెచ్చుకుని, ఒకటి వీళ్లకిచ్చి,
తొమ్మిది తను ఉంచుకుంటది."

నడిమింటోడు తొమ్మిది ఉంచుకోడం
నాకేం వింతనిపించలా.
"తిరిగెప్పుడిస్తారే?" అన్నా.
సువార్త పెన్సిలు ఆపి నన్ను చూసింది.
"ఇయ్యరమ్మా. లెక్కలో అంతే."

బ్యారను కిటికీలోకి టార్చిలైటేసి
పాదరసం చూస్తున్న మేస్త్రీ మాలకొండయ్య
పొట్ట పట్టుకుని నవ్వాడు.
"ఏ ఊరి లెక్కే పిల్లా అది?
చెప్పు, రేపే మకాం మారుస్తా."
నవ్వుతుండగానే బీడీ ఆరిపోయింది.
మళ్లీ ముట్టించలేదు.

రోజుకెన్ని కర్రలకు ఆకు అల్లానో
గోడ మీద బొగ్గు గీతలు పెట్టుకుంటా నేను.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
గీతల్లో అప్పు తెచ్చుకోడం ఉండదు.
శనివారం మేస్త్రీ డబ్బులిచ్చి
తడిగుడ్డతో తుడుస్తాడే,
అదే మాకు తీసివేత.

నూట పదిహేను అని రాసి
కింద ఇంకో గీత కొట్టింది.
"అయిపోయిందిగా?"
"సరిచూడాలి. లేకపోతే సారు సున్న చుడతాడు."
మిగిలినదాన్నీ తీసేసినదాన్నీ
మళ్లీ కలపాలంట.
అయిదూ ఏడూ పన్నెండు.
రెండు కిందుండిపోయింది,
ఒకటి లేచి పక్కింటికి నడిచింది.
"యాడికే అది?"
"పదులింటికి."
అక్కడా పదయింది. సున్నా దిగబడి
మళ్లీ ఒకటి లేచింది,
ఎవరూ గదమాయించకుండానే
వందలింటి గడప ఎక్కింది.

మొద్దు తొయ్యడం మర్చిపోయా.
"ఒసే, ఇచ్చారు చూడవే!
తెచ్చిన తోవనే పోయి ఇచ్చొచ్చారు!"
బొటనవేలు ఆనించి చూపించా.

పొద్దుటినించి ఆకు పట్టిన వేలు.
జిగురు. నల్లగా పడింది ముద్ర
సరిగ్గా మూడొందల రెండు పక్కన.
ఇప్పటిదాకా బాకీ కాయితాల మీదే పడ్డ వేలు.
సువార్త రబ్బరు తీసి రుద్దింది.
మరక పోలా, ఇంకాస్త పారింది.

"నూట ముప్ఫై ఎనిమిది," కిటికీ కాడినించి మాలకొండయ్య.
వేడి రెండు గీతలు పడిపోయిందంట.
లేచి ఇంకో మొద్దు ఎత్తుకున్నా.

వెనకనించి సువార్త,
"ఉండనీలేమ్మా.
సారు అడిగితే చెప్తాలే,
మా అమ్మ సరిచూసిందని."