పన్నెండో పేరు

జనవరిలో విన్నిపెగ్ నేలకి గునపం దిగదు.
ముందు రోజు రాత్రే ఇనుప మూత బోర్లించి
దాని కింద మంట పెడతారట,
ఒక మనిషి పట్టేంత మేర మన్ను మెత్తబడేదాకా.
శ్మశానం ఆఫీసు పిల్ల ఫోన్లో ఇదంతా చెబుతుంటే
ఊఁ కొడుతూ కూర్చున్నాను,
డెడే ఇహెజిరికా ఖాతా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

నీలం అట్ట. నెలకి ఇరవై డాలర్లు.
ఎవరిచ్చారు, ఎవరు వచ్చే నెల అన్నారు,
ఎవర్ని అడగొద్దు, ఉద్యోగం పోయింది
(దాని కింద రెండు గీతలు).
మనవాడి శవం పరాయి మట్టిలో పడుకోకూడదని
ముప్పై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి పోగేసిన డబ్బు.
పదకొండు పేర్లు.
పదకొండు పెట్టెల్ని విమానమెక్కించి
రన్‌వే కంచె బయట టోపీ తీసి నిలబడ్డాడు,
మైనస్ ముప్పైలో కూడా.
చెవులు పోతాయి డెడే, అంటే
"పోతే పోనీ, నాకంటే ముందు ఊరు చేరతాయి."

పద్దెనిమిదో నంబరు బస్సు నడిపాడు, ఇరవై ఆరేళ్ళు.
ఎవరూ గంట కొట్టకపోయినా
ఒక స్టాపులో మాత్రం తలుపు తెరిచి మూసేవాడట.
చలిగాలి లోపలికొచ్చి జనం తిట్టుకునేవాళ్ళట.

నేను దిగిన నవంబరులో ఎయిర్‌పోర్టుకి కోటు పట్టుకొచ్చాడు.
నాకు ముందు ఎవరెవరో తొడిగిన కోటు,
ఎడమ జేబుకి చిల్లు.
"చలి నిన్నెరగదు, నువ్వే ముందు పలకరించు" అన్నాడు.
మరుసటేడు దాన్ని ఇంకెవరికో ఇచ్చేశాను.
ఎవరికిచ్చానో
పొద్దుట్నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నాను.

నిన్న హాల్లో అందరం చేరాం.
ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోలేదు,
కూర్చోవద్దని ఎవరూ అనలేదు.
పళ్ళెంలో కోలా గింజ.
కోలాకి ఇంగ్లీషు రాదు, ఇగ్బో మాటే వింటుంది.
పెద్దవాడే దాన్ని విప్పాలి.
ఇప్పుడు పెద్దవాడెవరు?
వరసలో తర్వాత డెడే ఒన్యెక్వెరె.
పక్షవాతం వచ్చాక ఆయనకి మాట సగమే మిగిలింది.
ఆ సగంతోనే దీవెన మొదలెట్టాడు.
ఆగిన చోటల్లా మేం "ఇసె" అన్నాం,
ఆయన అనలేకపోయిన మాటలకి కూడా.
గింజ నాలుగు పలుకులైంది:
ఎకె, ఒరియె, అఫో, న్క్వో.
ఈ ఊరికి వారమంటే ఏడు రోజులు,
మా సంతల లెక్కలో నాలుగే.
పోయినవాళ్ళకని ఒక ముక్క నేలమీద పెట్టాం.
నేలంటే, కార్పెట్.

అప్పుడు చదివాను చివరి పేజీ.
పన్నెండో పేరు ఆయనదే. బాకీ ఏం లేదు.
ఊరి పేరు రాయాల్సిన గడిలో
ఊరు లేదు.
"ఇక్కడే. పద్నాలుగో వరస. ఒన్యెమాఎచి పక్కన."

ఒన్యెమాఎచి ఎవరు?
ముసలమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
ఎనభై నాలుగు, ఫిబ్రవరి.
నాలుగు రోజులు బతికిన పిల్ల,
మా లెక్కలో నిండు వారం.
అప్పటికి సంఘం లేదు, ఖాతా లేదు,
పెట్టె పంపడానికి అప్పు పుట్టలేదు.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని
పద్దెనిమిదో నంబరు బస్సెక్కాడట.

ఆ పేరుకి అర్థం, రేపటి సంగతి ఎవరికి తెలుసు అని.

ఊళ్ళోంచి తమ్ముళ్ళు ఫోన్లో కేకలేశారు,
ఇంటి పెద్దకొడుకు ఎముకల్ని మంచుకి వదిలేస్తారా అని.
తప్పే. ఆ తప్పు ఎంత బరువో
ఆయన కంటే తెలిసినవాడెవడు?
పదకొండు మందిని వాళ్ళ గడపల దాకా చేర్చినవాడు
ఈ ఒక్కదాన్ని దాటి పోలేకపోయాడు.

ఈ రాత్రి అక్కడ మూత కింద మంట మండుతుంటుంది.
పక్కనున్న చిన్న గోరీ దగ్గర నేల కూడా
కాస్త వెచ్చబడుతుందా అని
ఆఫీసు పిల్లనడిగాను.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
"ఉండండి, కనుక్కుని చెబుతాను" అంది.