దీమం

మా మామ కరియప్పకు ఆ మాట ఒక్కటే ఇష్టం.
దీమం.
కౌజుకు కౌజు దీమం,
జింకకు జింక దీమం.
మరి తోడేలుకు?
"నీ గొంతు" అన్నాడు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
పై పన్ను ఒకటి ఊడి ఉన్నింది.
ఆ సందులోంచి గాలి వదిలితే
తల్లి తప్పిన పిల్ల అరిచినట్టే ఉంటాదని
మొదట కనిపెట్టింది మా అమ్మ కాదు,
గొర్రెలు.

కంబదూరు దాటినాక గాలిమరల గుట్ట కింద
నారపరెడ్డి చేన్లో మంద నిలిపినాం,
ఎరువుకు రాత్రికింత అని బేరం.
రెండు వారాల్లో ఐదు పిల్లలు పోయినాయి.
ఐదోది పూర్తిగా పోలేదు.
తోలు మిగిలింది.

ఆ తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి
లోపల చెనిక్కాయ కట్టె కూరి
గోతం సూదితో కుట్టినాడు మామ.
కళ్ళకు ఏం పెట్టాల్నో తెలీక
మా అక్కను అడిగి రెండు గుండీలు తెచ్చినాడు,
ఒకటి నీలం, ఒకటి తెలుపు.
దాని కాలికి దారం, దారం కొస నా బొటనవేలికి.
"లాగాల, అరవాల. మళ్ళా లాగాల.
మధ్యలో తుమ్మితే నిన్ను కుడతా ఆ తోల్లో."

మొరిగితే తోడేలు రాదని
మా ఎర్రకుక్కను ఊళ్ళో గుంజకు కట్టేసొచ్చినాడు.
ఎవర్నో బతిమాలి తెచ్చిన నాటు తుపాకి
కంబడి కింద దాచినాడు.
ఫారెస్టోళ్ళు అడిగితే
గొడుగని చెప్పమన్నాడు.
అనంతపురం జిల్లాలో, గొడుగు!

మొదటి రాత్రి ఒక నక్క వచ్చి
గుండీలను చూసి ఎగతాళిగా పోయింది.
రెండో రాత్రి గాలి తప్ప ఏమీ రాలేదు.
గుట్టమీద మర రెక్క దిగినప్పుడల్లా
ఉష్, ఉష్,
ఎవరో నన్ను నోరు మూసుకోమంటున్నట్టు.

మూడో రాత్రి
కంపచెట్టు వెనక నేను,
నా వెనక మామ, మామ వెనక మంద.
ఏడుపు నటించడం మొదట కష్టం,
తర్వాత ఆపడం కష్టం.
నాలుగో అరుపుకో, ఐదో అరుపుకో
నేను నిజంగానే ఎవర్నో పిలుస్తున్నా.

అప్పుడొచ్చింది.
వంక గట్టుమీద, సరిగ్గా వెన్నెల పడే చోట,
దాక్కోకుండా,
ఫోటో తీయించుకునేదాని మాదిరి నిలబడింది.
పొదుగు వేలాడతా ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు.
తోలుపిల్లను చూడలేదు.
కంపచెట్టును చూసింది. నన్ను.
మామ తుపాకి ఎత్తినాడు.

అదే గడియకు వలదొడ్డి దూకి
పరిగెత్తుకొచ్చింది బొల్లిగొర్రె,
ఐదో పిల్ల తల్లి.
తుపాకికీ తోడేలుకీ నడుమ నిలబడి
బిడ్డను మూతితో పొడిచింది,
ఒకసారి నాకింది,
కుట్టు విడిన చోట బయటికొచ్చిన
చెనిక్కాయ కట్టెను
మెల్లగా తినడం మొదలుపెట్టింది.
నేనింకా అరుస్తానే ఉన్నా.
దాని చెవి ఒకటి నా పక్క,
నోరు మేత పక్క.

మామ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.
గట్టుమీద తోడేలు ఇంకొంచెంసేపు,
ఇంకా కొంచెంసేపు మాకు కనబడి
తొందరేం లేనట్టు వంకలోకి దిగింది.

తెల్లారి లెక్కపెడితే ఒకటి తక్కువ.
మంద అవతలి కొసన,
నేనూ మామా బొల్లిదీ ముగ్గురం
వీపు పెట్టిన పక్క,
వల కింద దూరేటంత పల్లం.
నెత్తుటి చుక్క కూడా లేదు.
అడుగులు ఇంకో తోడేలువి. మగది.

మామ ఆ అడుగుల పక్కన గొంతుక్కూర్చుని
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్వినాడు, దగ్గొచ్చేదాకా.
"వెన్నెల్లో నిలబడిందే, అదీ దీమమంటే.
మనదేం దీమం పాపా!"

తుపాకి తిరిగిచ్చేసినాడు. కుక్కను విప్పుకొచ్చినాడు.
గుండీలు మా అక్కకు చేరలేదు,
నీలంది నా దగ్గరే ఉంది.
ఆ వానలకు నాకు పన్నొచ్చింది,
ఆ అరుపు మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మంద నాది. నూట నలభై.
రాత్రిపూట ఏదైనా ఒక పక్క
మరీ బాగా కనబడితే
నేను రెండో పక్కకు తిరిగి
అక్కడినుంచి లెక్క మొదలుపెడతా.