ఎనిమిది మార్కుల ప్రశ్న

నర్సంపేట జూనియర్ కాలేజీ, మూడో గది.
రేకుల మీద వాన మొదలైతే
నా గొంతు రెండో బెంచీ దాటదు.
గోడ మీది పటంలో అట్లాంటిక్
మడత కాడ చినిగింది, సుతిలితో కుట్టిన.
ఇటు పదమూడు వలసలు, అటు
సముద్రాలు ఏలే రాజ్యం.
నడుమ నా కుట్టు.

"బలహీనులు ఎట్లు గెలిచిరి? కారణములు వ్రాయుము.
ఎనిమిది మార్కులు. రాసుకోండ్రి, ఇది వస్తది."
ఒకటి, దూరం. రాజుగారి హుకుం
ఒడ్డు దాటి ఒడ్డు చేరేసరికి
యుద్ధం ఇంకో ఊరికి పోయేది.
రెండు, పొదపొదనూ ఎరిగిన కాళ్లు.
మూడు, పగవాని పగవాడు ఫ్రాన్సు,
అది పంపిన ఓడలు, మందుగుండు.
నాలుగు అని వేస్తుంటే సుద్దముక్క విరిగింది.

"ఎర్రకోట్ల సైన్యం" అన్ననో లేదో
వెనుక బెంచీల దూడపాక సమ్మయ్య లేచిండు.
"ఎర్రటోళ్లు రాజు దిక్కా సార్?"
పరేషానయ్యిండు పిలగాడు.
వాళ్ల తాత ఆ రంగును నమ్మి
పాకాల అడవిల రెండు చలికాలాలు
ఆకుల మీద పండుకున్నడు.
కూర్చో బిడ్డా. రంగుకేం తెలుసు,
ఎవలు తొడిగితే వాళ్ల దిక్కు.

తలుపు కాడ ఓదెమ్మ.
వాననీళ్లు ఊడ్వ వచ్చి
ఊడ్చుడు ఆపి చాలాసేపయింది.
"సారూ, ఎన్నేండ్లు కొట్లాడిన్రు?"
ఎనిమిది.
"ఎనిమిదేండ్లు వాళ్లకు బువ్వ ఎవలు వండిన్రు?"

పుస్తకం ముందుకు తిప్పిన, వెనుకకు తిప్పిన.
పన్ను ఉన్నది. తేయాకు ఉన్నది.
సంధి మీద సంతకాలున్నయి.
బువ్వ లేదు.

పదకొండేండ్ల పిల్లప్పుడు ఆమె
జొన్నరొట్టెల గంపల, అడుగున చీటీ పెట్టి
గడీ ముంగట నుంచే నడిచిందట.
తుపాకోడు ఆపిండు.
రొట్టె గుంజుకున్నడు, చీటీ చూడలే.
"వాడు ఆకలి మీదున్నడు సారూ.
నాలుగు నెల్లాయె జీతం లేక.
నిలబడే తిన్నడు, ఉల్లిగడ్డ గూడ అడగలే.
గట్ల గెలుస్తరు.
మనకు బలమొచ్చి కాదు,
దొర కోసం సచ్చుడెందుకని
దొర మనిషికి ఒక్కపూట అనిపిస్తది సూడు, గందుకు."

ఐదు, అని వేసిన బోర్డు మీద.
పక్కన ఏం రాయాల్నో తెల్వలే.

"గెలిచినంక?"
వాళ్ల నేల వాళ్లకయ్యింది, అన్న.
"వాళ్ల నేలనా?
ఓడెక్కి వచ్చినోళ్లంటివి గదా.
ముందుగాల్ల ఆడ ఎవలూ లేకుండిరా?"

సరిగ్గా అప్పుడే వాన ఆగింది.
ఇక నా మాట ఆఖరి బెంచీ దాకా వినబడ్తది.
ఉండిరి, అన్న మెల్లగ.
సంకెళ్లతోని తోలుకొచ్చినోళ్లు గూడ ఉండిరి.
వాళ్లకేమయిందో ఈ పాఠంల లేదు.

"మాకు రెండెకరాలు పంచిన్రు," అన్నదామె.
"చెలక. నీళ్లు లేవు.
నాలుగు పంటలు తీసినం.
ఐదో ఏడు దొర కొడుకు
టోపీ మార్చి వచ్చిండు, చేతుల కాయితం.
గెలిచినట్టే ఉండె సారూ, కొన్నొద్దులు."
నీళ్లను గడప దాటిచ్చి
పక్క గదిలకు పోయింది.

అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు దిద్దుతున్న.
సమ్మయ్య నాలుగు కారణాలు
నేను చెప్పినట్టే, అచ్చుతప్పులతో సహా రాసిండు.
ఐదోది:
"రొట్టె చూసినవాడు చీటీ చూడకపోవుట."
దాని కింద, గీత గీసి,
"గెలిచినది ఎవరో ప్రశ్నలో అడగలేదు."

ఏడున్నర వేసిన.
ఇప్పుడు వాడు ఆర్టీసీల కండక్టరు.
టికెట్ కొట్టేటప్పుడు, బస్సంత వినేటట్టు,
ఆ అర మార్కు ఏడ పోయింది సార్, అంటడు.