మాకా, మనకా

సాయినగర్‌లో మేడ మీద, రేకుల షెడ్డులో
సాయంత్రం ఆరింటికి స్పానిష్ క్లాసు.
ప్రసూనాంబ టీచరు బోర్డు మీద ఆరు మాటలు రాసింది:
మే, తే, లే, నోస్, ఓస్, లెస్.
"ఇచ్చేది ఏందని కాదు, ఎవరికని చెప్తాయి ఇవి.
మన కి, కు అనుకోండి."
ఆరో తరగతిలో అయ్యవారు బెత్తంతో వల్లె వేయించిన
కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్
ఆ వేడి రేకుల కింద మళ్లీ లేచి కూర్చునింది.

నాకు ఉగ్గాని ఇష్టం. మే గూస్తా.
నాకు తల నొస్తాంది. మే దుయేలే.
ఇంగ్లీషు బడిలో "ఐ లైక్" అని
ప్రతి దానికీ నన్ను ముందుకు తోసినారు.
ఈ భాష నన్ను పక్కన కూర్చోబెట్టింది.
ఇష్టమే నడిచొచ్చింది, నొప్పే నడిచొచ్చింది,
నేను ఉత్త గడపను.
ఇంట్లో మేరేకు, బజార్లో నాకు, ఇక్కడ మే.
మూడు గిన్నెలు, ఒకటే కూడు.

"లే పక్కన లో రాకూడదు," అనింది టీచరు,
"నాలుక తట్టుకుంటాది. సే లో అనల్ల."
నాకు నవ్వొచ్చింది.
మా పాతూరు ఇంట్లో లే లో అంటే
తీసుకో అని.
ఎవరికో ఇచ్చే మాట
మా నానీ చేతిలో పడి తిరగబడింది.

తర్వాత ఉద్యోగం. పల్లెల నుంచి పిల్లల జాబులు,
తెలుగులో వస్తాయి, స్పానిష్‌లో పోతాయి.
ఒక హనుమక్క మనవరాలితో రాయించింది:
"నా కోడలుంది గదా, దానికి జరం."
దానికి.
నేను లే అని రాస్తి.
తహసీల్దారు గారికి రాసినా లే నే,
మీకు అన్నా లే నే.
ఆ కోడలికి తెలీకుండా
ఒక మెట్టు ఎక్కింది ఆ పొద్దు,
దిగిందో లేదో నాకు తెలీదు.

బెళుగుప్ప కాడి ఉరుకుందమ్మ, ఏడో తరగతి:
"లూర్దెస్ అక్కా, ఈ ఏడు మనకు వాన పడలేదు.
బుడ్డల చేను ఎండిపాయె."

మనకు?
తప్పేమో అనుకుంటి. జీపులో పోయినప్పుడు అడిగితి,
మాకు అని కదా పాపా రాయల్ల?
ఆ పిల్ల బుడ్డలు ఒలుస్తా తలెత్తలేదు.
"జాబు చదువుతాది గదా ఆ యక్క.
చదివినాక తెలుస్తాది గదా."

నోస్‌లో ఆ సందు లేదు.
మాకు అన్నా నోస్, మనకు అన్నా నోస్,
తలుపు మూసినా తెరిచినా ఒకే గోడ.
"నీకూ నాకూ" అని పక్కన రాస్తి, కొట్టేస్తి.
జాబులో లేంది చేర్చకూడదని మాకు రూలు.
నోస్ ఒక్కటే పోయింది విమానం ఎక్కి.

మూడు నెలలకు బదులు.
అల్మెరీయాలో వాళ్ల నాయన బాదం చెట్లంట,
పూత రాలిపోయిందంట,
ఇక్కడ కూడా వాన లేదు, అని,
ఆ వాక్యం నడుమన
నోస్.

తెల్ల కాగితం మీద మ అని రాసి ఆగితి.
దీర్ఘం ఇయ్యాల్నా, వద్దా?
ఇస్తే మాకు. ఆమె చెట్లు ఆమెకు.
సరైన అనువాదమే, ఎవరూ అడగరు.
ఫ్యాను తిరుగుతాంది. కాగితం లేస్తాంది.
ఏడో తరగతి పిల్ల ఒలిచే చప్పుడు
ఎందుకో గుర్తొచ్చింది.

అప్పుడే సందులోకి ట్యాంకరు వచ్చింది.
బిందెలు గోడలకు తగుల్తా ఉరికినాయి.
మాకు! మాకు! ముందు మాకు!
వీధంతా దీర్ఘమే.

నేను న రాస్తి. కు రాస్తి.
కలం మూత పెట్టి
రెండు ప్లాస్టిక్ బిందెలు చంకలో ఇరికించుకుని
మెట్లు దిగి,
జమీలక్క మోచేయి పక్కకు నెట్టి
నేనూ అరిస్తి,
మాకు.