ఐదు గ్లాసుల టీ

పొదలకూరు నిమ్మ మార్కెట్లో
ధర పుట్టేది వేలంలో కాదు,
తెల్లారి ఐదున్నరకి
చెంచమ్మ టీకొట్టు బల్ల మీద.

ఐదుగురు షావుకార్లు, ఐదు గ్లాసులు.
మాలకొండయ్య గ్లాసు బోర్లించి
"ముప్పై రెండు" అంటే ముప్పై రెండే.
కలువాయి నించి రాత్రంతా
బస్తాల మీద పడుకొచ్చిన రైతుకి
ఆ సంగతి ఎప్పటికీ తెలీదు.
ఆయన ముందు పాట పాడతారు,
గొంతులు పెంచుతారు,
ఒకరి మీద ఒకరు కోప్పడతారు కూడా.

నేను తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్కేళ్ళు
ఇనప రాళ్ళు తిరగేసి
అడుగున సీసం గీకి చూసినవాణ్ణి.
రాయి తప్పు పట్టడం తేలిక.
"అందరూ చేసేదే గదా సార్" అనదు రాయి.

రిటైరైన నెలకే వీళ్ళు కబురు పెట్టారు.
"కొత్త చట్టాలంట సామీ, మాకేం తెలస్తాయి,
నువ్వు చదివి చెప్పు, నెలకింతని ఇచ్చుకుంటాం."
ఇన్నాళ్ళూ పట్టుకున్న చేత్తో
ఇప్పుడు పట్టుబడకుండా చూసే పని.
మా ఆవిడ నవ్వింది.
స్కూటర్‌లో పెట్రోలు పోయించుకున్నాను.

మొదట వెంగమాంబ పచ్చళ్ళ షెడ్డు.
సీసా మీద 'అమ్మ చేతి రుచి'.
లోపల కలిపేది కోయంబత్తూరు మిషను.
"ఏ అమ్మ, తల్లీ?" అన్నాను.
ఆమె చెయ్యి చూపించింది,
ఉప్పుకి ఒరిసి, వేళ్ళ సందుల్లో తెల్లగా పగిలిన చెయ్యి.
"మొదటి ఆరేళ్ళూ ఇదే సార్, మిషను నిన్న గాక మొన్న."
ఏం చెప్పను?
బరువు, తయారీ తేదీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు
కనపడేంత అక్షరాల్లో వెయ్యమన్నాను.
పాత ధర మీద అంటించిన కొత్త ధర
గోటితో పీకించాను.
అమ్మని మాత్రం వదిలేశాను.
శాఖలో ఉంటే వదిలేవాణ్ణి కాను.

తరవాత టీకొట్టు.
"మీరు తాగే ఈ టీ నేరం" అన్నాను.
ఖాజావలి పొలమారి దగ్గాడు.
"ఐదు రూపాయల టీకి జైలా?"
టీకి కాదయ్యా,
టీతోబాటు మింగుతున్న ముప్పై రెండుకి.
పోటీ పడాల్సినోళ్ళు పక్కపక్కన కూర్చుని ధర కట్టడం
మీ తాతల నాడు కట్టుబాటు,
ఇప్పుడు దానికి సెక్షనుంది,
లాభానికి మూడింతలు జరిమానా వెయ్యొచ్చు.
మూడింతలు అన్నప్పుడు మాత్రం
ఐదు గ్లాసులూ కిందికి దిగాయి.

మర్నాడు ఐదుగురూ
ఐదు బల్లల మీద వీపులు తిప్పి కూర్చున్నారు.
మాటా లేదు పలుకూ లేదు.
చెంచమ్మ నా దగ్గరికొచ్చి గుసగుసగా,
"ఏంది సామీ, ఎవురన్నా పోయినారా?"

ఆ పొద్దు పాట ముప్పై ఐదు దాకా పోయింది.
చట్టం వల్లో,
చెన్నైలో ఎండ ముదరడం వల్లో
నాకు తెలీదు.
కలువాయి రైతు డబ్బు రెండుసార్లు లెక్కబెట్టుకుని
పొరబాటేమో అన్నట్టు గబగబా వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు బాగానే గడిచింది.
ఐదోనాడు చూశాను:
మాలకొండయ్య టీ ఊదుకుంటూ
ఎడమ కనుబొమ ఒకసారి ఎగరేశాడు.
అటు బల్ల మీద ఓబుల్రెడ్డి మెడ గోక్కున్నాడు.
ఖాజావలి తుమ్మాడు.
పాట ముప్పై రెండు దగ్గర ఆగిపోయింది.

రాత్రి పుస్తకం తీశాను.
రాసుకున్నా రాసుకోకపోయినా
కూడబలుక్కుంటే చాలు, తప్పే, అని ఉంది.
కూడబలుక్కోవడమంటే కూడి పలకడం గదా.
కనుబొమ పలికినట్టా, కాదా?

సీసం గీకే పాత చాకు
బల్ల సొరుగులోనే ఉంది.
తెల్లారి ఐదింటికి
వాళ్ళ కన్నా ముందే పోయి
మధ్య బల్ల మీద కూర్చున్నాను,
ఐదు మొహాలూ కనపడేట్టు.
చెంచమ్మ అడక్కుండానే
ఆరో గ్లాసు కడిగింది.